సోమవారం నుంచి శనివారం దాకా క్రీస్తు వెలుగులో బతకడం ఎలా? జరిగినవి చెప్పండి

పొదిలి_ఎస్తేరు

డిసెంబరు మొదటి ఆదివారం మా సంఘం యూత్ మీటింగ్‌లో నన్ను మాట్లాడమన్నారు. వాక్యం వాళ్ళే ఇచ్చారు, మత్తయి 5:14, "మీరు లోకమునకు వెలుగై యున్నారు". పిల్లలు ఇప్పటికే దీని మీద మంచి ఊపులో ఉన్నారు. గుడి పైన పెద్ద ఎల్ఈడీ సిలువ పెట్టాలని, హైవే మీద పోయే బస్సుల్లోంచి కూడా కనపడాలని చందాలు మొదలుపెట్టారు. నేను అడ్డం చెప్పలేదు. కానీ మొన్న కమిటీ కూర్చున్నప్పుడు డిగ్రీ చదివే కుర్రాడొకడు, "అక్కా, సిలువకి కరెంటు ఇస్తే వెలుగుతుంది, సరే. సోమవారం పొద్దున నేనెలా వెలగాలి? అది ఎవరూ చెప్పరేంటి?" అన్నాడు. పక్కనున్న పెద్దలు బైబిలు చదువు, ప్రార్థన చెయ్యి అన్నారు. వాడు తలూపాడు గానీ వాడికి కావాల్సిన జవాబు దొరకలేదని మొహం చూస్తేనే తెలిసింది.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. ప్రసంగం నోట్సు వద్దు, అవి నా దగ్గరున్నాయి. కొట్లో, ఆఫీసులో, పొలంలో, వంటింట్లో, పెళ్ళి మాటల దగ్గర, పరీక్ష హాల్లో, క్రీస్తు వెలుగు ఎక్కడ తేడా తెచ్చింది? మీకు జరిగిందైనా సరే, మీరు కళ్ళారా చూసిందైనా సరే.

ఆటో_దావీదు

మంచి ప్రశ్న అక్కా. బండి వెనక "యేసే మార్గము" అని పెద్ద అక్షరాలతో రాయించుకుని రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే మా ఆటో తమ్ముళ్ళని కూడా ఆ మీటింగ్‌కి పిలవండి, పుణ్యముంటుంది.

కరుణ_టీచర్

హహ దావీదు అన్నా. నిజం, మా వీధి మలుపులో రోజూ చూస్తా.

తూకం_సమూయేలు

నేను ఊళ్ళు తిరిగి కందులు, మినుములు కొంటాను. మా నాన్న కూడా ఇదే పని. ఈ వ్యాపారంలో మంచీ చెడూ అంతా కాటా దగ్గరే తేలుతుంది. తేమ ఉందని, మట్టి పెళ్ళలున్నాయని, గోనె బరువని బస్తాకి ఇంత తరుగు తీస్తారు. కొంత న్యాయమే, తడి సరుకు ఎండితే తగ్గే మాట నిజమే. కానీ ఆ పేరుతో తీసేది తీయాల్సిన దానికంటే ఎక్కువని రైతుకీ తెలుసు, మాకూ తెలుసు. రైతు నోరెత్తడు, ఎందుకంటే విత్తనాలకి అప్పిచ్చింది కూడా మేమే.

మా నాన్న బాప్తిస్మం తీసుకున్నాక సామెతలు చదువుతూ 11వ అధ్యాయం మొదటి మాట దగ్గర ఆగిపోయాడు. "దొంగత్రాసు యెహోవాకు హేయము". ఆ సీజన్ నుంచి గోనె బరువు తప్ప ఇంకేం తీసేది లేదన్నాడు, తడిగా ఉంటే రైతు ముందే చూపించి రేటు మాట్లాడుకునేవాడు. మిగతా వ్యాపారులు ఇంటి మీదికొచ్చి గొడవ చేశారు, నువ్విలా మొదలుపెడితే మా గతేంటని. లాభం తగ్గింది, అమ్మ కూడా చాలా రోజులు మాట్లాడలేదు. ఇది చెప్పగానే, తర్వాత దేవుడు రెట్టింపు ఇచ్చాడు కదా, ఆ సాక్ష్యం కూడా చెప్పు అంటారు. అలాంటిదేం జరగలేదు, మేం ఇప్పటికీ మామూలుగానే ఉన్నాం. కాకపోతే మా కాటా దగ్గర రైతులు ముల్లు వైపు చూడరు. అటు తిరిగి కూర్చుని ఊరి కబుర్లు చెప్పుకుంటారు.

పొదిలి_ఎస్తేరు

అన్నా, నేను అడిగింది సరిగ్గా ఇదే. మీటింగ్‌లో చెప్పుకోవచ్చా?

తూకం_సమూయేలు

చెప్పండి. పేరు వద్దు.

గుండ్లకమ్మ_గట్టు

ఎస్తేరు గారూ, మీది పొదిలి వైపు కాబట్టి మన నేల మీద జరిగిందే ఒకటి చెప్తాను, పిల్లలకి సగమే తెలుసు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ప్రతి సండే స్కూల్లో చెప్తారు. దానికి ముందు జరిగింది చెప్పరు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం తిండి లేక, దాని వెంట వచ్చిన కలరాతో ఊళ్ళకి ఊళ్ళు చనిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరకి సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ళ పైచిలుకు ముక్క తవ్వించే కాంట్రాక్టు తనే తీసుకుని, పని లేనివాళ్ళని పిలిపించి, కూలి చేతిలో పెట్టాడు. బోధకులే మేస్త్రీలు.

ఇప్పుడు అసలు సంగతి. కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మం అడిగిన వాళ్ళకి ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చామని ఎవరూ అనకూడదు, వచ్చినవాడు కూడా తన మనసులో అలా అనుకోకూడదు అని. కరువు తీరి, ఇక ఇక్కడ కూలీ లేదు ఏమీ లేదు అన్నాక కూడా జనం వచ్చారే, ఆ 2,222 అక్కడి నుంచి వచ్చింది. నాకు ఆ సంఖ్య కంటే, చేతిలో అన్నం పెట్టుకుని కూడా దాంతో బేరం ఆడకుండా ఉన్న ఆ నెలలే వెలుగులా కనిపిస్తాయి.

ప్రశ్నించే_తోమా

అందరూ బాగా రాస్తున్నారు, కానీ నాకో సందేహం. సమూయేలు అన్న చెప్పింది నిజాయితీ. మా ఊళ్ళో రేషన్ డీలరు ముస్లిం, గింజ తేడా రానివ్వడు. మా కాలనీలో ఆర్‌ఎంపీ రెడ్డి గారు హిందువు, రాత్రి రెండింటికి పిలిచినా వస్తాడు, లేనివాళ్ళ దగ్గర డబ్బు తీసుకోడు. వీళ్ళలో ఎవరూ బైబిలు తెరవలేదు. మరి దీన్ని క్రీస్తు వెలుగు అని ప్రత్యేకంగా ఎందుకంటున్నాం? మంచితనానికి మన స్టిక్కర్ అంటించుకోవడం కాదా?

డోర్నకల్_ప్యాసింజర్

తోమా బ్రదర్, బైబిల్లో సందేహపడ్డ తోమా పేరుకి తగ్గ ప్రశ్న.

లూథరన్_మనవరాలు

తోమా గారి ప్రశ్నని తోసెయ్యకూడదు. ఆ డీలరు గారి మంచితనం చూస్తే మనం సంతోషించి దేవునికి కృతజ్ఞత చెప్పాలి, పోటీ పెట్టుకోవడమెందుకు. మా అమ్మమ్మ గుంటూరులో హెయ్యర్ అయ్యగారు 1842లో మొదలుపెట్టిన మిషన్ సంఘంలో పెరిగింది, ఆమె ఒకటే అనేది: "వెలుగు నీది కాదే, ఆయనది. నువ్వు తలుపు మూసుకోకపోతే చాలు."

నాకు అర్థమైనంతలో తేడా ఇక్కడుంది. యోహాను 8:12లో ఆయన "నేను లోకమునకు వెలుగును" అన్నాడు. మత్తయి 5లో మనల్ని అన్నాడు. ఆయనన్న మాట వదిలేసి మనల్నన్న మాట ఒక్కటే పట్టుకుంటే క్రైస్తవ జీవితం మార్కుల లిస్టయిపోతుంది, ఇవాళ ఎన్ని మంచి పనులు చేశాను, పక్కింటావిడ ఎన్ని చేసింది అని. ఆ లిస్టుతో నేను కొన్నేళ్ళు నలిగాను. క్షమాపణ దొరికిందని నమ్మినవాడికి దాచుకోవాల్సిన అవసరం తగ్గుతుంది, అబద్ధం అవసరం తగ్గుతుంది, ఎదుటివాడిని తొక్కి నిలబడాల్సిన అవసరం తగ్గుతుంది. మంచితనం అందులోంచి వస్తుంది. చూసేవాడికి రెండూ ఒకలాగే కనిపించొచ్చు, అయినా ఫరవాలేదు.

ప్రశ్నించే_తోమా

ఇది ఒప్పుకుంటాను అమ్మా. "దాచుకోవాల్సిన అవసరం తగ్గుతుంది" అన్నది ఆలోచించాల్సిన మాట.

కువైట్_నర్సు

నైట్ డ్యూటీ నుంచి వచ్చి చదువుతున్నా. మా వార్డులో తెల్లవారుజామున మూడింటికి బీపీ, టెంపరేచర్ చూసి షీట్లో రాయాలి. పేషెంటు నిద్రలో ఉంటాడు, మనకీ నిద్ర ముంచుకొస్తుంది, పోయినసారి రాసిన నంబరు చూసి కొంచెం అటూ ఇటూ మార్చి రాసేస్తే అడిగేవాళ్ళుండరు. ఇది ప్రపంచంలో ఏ ఆసుపత్రిలోనైనా నర్సులకి తెలిసిన సంగతే. నాతో పని నేర్చుకున్న కేరళ అమ్మాయి ఒకసారి అడిగింది, మీరెందుకు ప్రతిసారీ లేచి వెళ్ళి చూస్తారు, ఎవరు చూస్తున్నారని. చూసేవాడు ఉన్నాడు కదా అన్నాను. ఇంకేం చెప్పలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు అలాగే చేస్తోంది.

ఇంకో విషయం. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మన కడప, కోనసీమ ఆడవాళ్ళు శుక్రవారం ప్రార్థనకి వస్తారు, వాళ్ళకి దొరికే సెలవు ఆ కాసేపే. అందులో కూడా చదువు రాని ఆమెకి ఇంటికి డబ్బు పంపే ఫారం నింపిపెడుతూ, జ్వరమొచ్చిన ఆమెని క్లినిక్‌కి తీసుకెళ్తూ కూర్చునే అక్క ఒకామె ఉంది. ఆమె ఎప్పుడూ స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పలేదు. నాకు మాత్రం మత్తయి 5:16లో "మీ సత్‌క్రియలను చూచి" అన్న మాట చదివినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

మెదక్_నీడలో

ఎల్ఈడీ సిలువ గురించి అందరూ మెల్లగా తప్పుకుంటున్నారు, నేను దాని పక్షాన మాట్లాడతా. మెదక్ చర్చి శిఖరం 175 అడుగులు, చుట్టుపక్కల ఊళ్ళకి దూరం నుంచే కనపడుతుంది, చిన్నప్పుడు పొలం గట్టు మీంచి దాన్ని చూస్తే గుండె నిండేది. కంటికి కనపడేది కూడా మనిషికి కావాలి. కుర్రాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లకండి.

కరుణ_టీచర్

మెదక్ చర్చి కరువులో జనానికి పనీ తిండీ దొరకాలని కట్టింది కదండీ. మిషనరీ పోస్నెట్ దొర పదేళ్ళు కట్టించి 1924 క్రిస్మస్‌కి తెరిచాడు. ఆ రాళ్ళు మోసినవాళ్ళకి అన్నం దొరికింది. ఎల్ఈడీ సిలువతో ఎవరికి అన్నం దొరుకుతుంది?

మెదక్_నీడలో

ఎలక్ట్రీషియన్‌కి దొరుకుతుంది టీచర్ గారూ :) సరే, మీ మాట కాదనలేను. చందాలో సగం సిలువకి, సగం ఇంకో పనికి అంటే కుర్రాళ్ళు వింటారేమో ఎస్తేరు అక్క అడిగి చూడాలి.

ఆటో_దావీదు

మైకుల సంగతి కూడా ఎవరైనా తీస్తారేమోనని చూస్తున్నా. తెల్లవారుజామున నాలుగింటికి మైకు పెడితే వెలుగు రాదు, పక్కింటి పసిపిల్ల లేస్తుంది.

వేదిక_నిర్వాహకుడు

మైకు మీద వేరే చర్చ ఉంది, పోయినసారి అది కొట్లాట దాకా పోయింది. ఇక్కడికి తేవద్దని మనవి.

కరుణ_టీచర్

నేను పెళ్ళి మాటల దగ్గరికొస్తా. మన ఇళ్ళల్లో సంబంధం మాట్లాడేటప్పుడు అయ్యగారు ప్రార్థన చేసి మొదలుపెడతారు. ఆమేన్ అనగానే అబ్బాయి మేనమామ గొంతు సవరించుకుని "మరి మీరేం అనుకుంటున్నారు" అంటాడు. ఆ "ఏం" అంటే ఏంటో అందరికీ తెలుసు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, మనకి చట్టం కంటే ముందే వాక్యం ఉంది, అయినా బేరం ఆగలేదు.

మా తమ్ముడు బ్యాంకులో చేస్తాడు. నాకేం వద్దు, పెళ్ళి ఖర్చు రెండు వైపులా సగం సగం అన్నాడు. సంతోషిస్తారనుకున్నాం. అమ్మాయి తరఫు వాళ్ళు కబురు చేసి మరీ ఆరా తీశారు, కుర్రాడికేమైనా జబ్బుందా, ఇంతకుముందు పెళ్ళయి విడిపోయిందా అని! మా అమ్మ ఏడ్చింది, అడక్కపోతే లోపం ఉందంటున్నారు, పోనీ కొంచెం అడగరా అని. వాడు నవ్వి, నాకు లోపం లేదని మెడికల్ సర్టిఫికెట్ ఇస్తాలే అమ్మా అన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత కుదిరిన ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. ఆ మామగారు ఇప్పటికీ మా తమ్ముడి పేరు ఎవరైనా ఎత్తితే కళ్ళు తుడుచుకుంటాడు. ఎస్తేరూ, మీ యూత్‌లో పెళ్ళీడు మగపిల్లలు ఎందరున్నారో చూసి ఇది గట్టిగా చెప్పు.

తూకం_సమూయేలు

టీచర్ గారూ, ఇది కాటా కంటే కష్టమైన పరీక్ష.

సుదర్శన్_బీకామ్

కట్నం వద్దంటే సరిపోదు కదా. ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఇవ్వరు, అందుకే పెళ్ళికి ఏదో ఒకటి ఇవ్వాలంటారు. వాటా మాట తియ్యకుండా కట్నం వద్దనడం మగవాళ్ళకి తేలిక.

కరుణ_టీచర్

ఇది నేను ఒప్పుకుంటా. మా ఇంట్లో నాకు వాటా అడిగింది కూడా ఆ తమ్ముడే.

పాస్టరమ్మ_కలం

ఇల్లు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. దీపం దీపస్తంభం మీద పెడితే "యింటనుండువారికందరికి" వెలుగిస్తుందని ఆయన అన్నాడు. ముందు ఇంట్లో వాళ్ళకి. ఆదివారం వేదిక మీద ఎంతో శాంతంగా మాట్లాడే మనిషి ఇంట్లో చారులో ఉప్పు తగ్గిందని కంచం నెట్టేస్తే ఆ ఇంటి పిల్లలు ఇక ఏ ప్రసంగమూ నమ్మరు. పాస్టర్ల ఇళ్ళల్లో పెరిగిన పిల్లలు చాలామంది గుడికి దూరమవడానికి కారణం ఎక్కడో బయట వెతుకుతుంటాం.

ఇంకోటి అడుగుతాను, నొచ్చుకోవద్దు. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకి టీ ఏ గ్లాసులో ఇస్తారు? సంఘంలో గృహకూటాలకి చాలా ఇళ్ళకి వెళ్తాను. "నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి" అని గోడ మీద ఫ్రేము ఉంటుంది. వెనక వైపు గూట్లో విడిగా ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. ఆ గ్లాసు తీసుకెళ్ళి లోపల మిగతా గ్లాసులతో కలిపెయ్యడానికి ఉపవాసాలు అక్కర్లేదు, ఇవాళ సాయంత్రమే చెయ్యొచ్చు. మా సంఘంలో ఇద్దరు ముగ్గురు చేశారు. ఒకామె అత్తగారితో నెల రోజులు మాటలు పడింది, అయినా వెనక్కి తీసుకోలేదు.

కువైట్_నర్సు

అమ్మగారూ, ఇక్కడ ఆ విడి గ్లాసులో తాగేది మన ఆడవాళ్ళే. వాళ్ళకి చదివి వినిపిస్తా.

డోర్నకల్_ప్యాసింజర్

గ్లాసు దాకా వచ్చాం కాబట్టి కులం మాట నేనెత్తుతాను. నిర్వాహకుడు గారు ఆపకండి, మర్యాదగానే రాస్తా.

మా డోర్నకల్‌లో ఎపిఫనీ కెథెడ్రల్ చూసినవాళ్ళుంటారు, 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదులా, స్తంభాలు దేవాలయంలా కట్టించాడు అజరయ్య బిషప్పు, ఈ దేశంలో ఎవరూ ఇది పరాయిదనుకోకూడదని. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనే. తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని మనలో కలిసిపోయాడు. ఆయన కాలంలో ఈ ప్రాంతంలో సంఘమంటే ఎక్కువగా మాల మాదిగ పేటలే. 1930ల నాటికి భూములున్న కులాల వాళ్ళు కూడా కొందరు బాప్తిస్మానికి వచ్చారు. ఏం చూసి వచ్చారు మరి? తమ పొలాల్లో పనిచేసేవాళ్ళ బతుకు మారడం చూసి. తాగుడు మానారు, అబద్ధమాడట్లేదు, పిల్లల్ని బడికి పంపుతున్నారు, చచ్చిన గొడ్డు మాంసం వదిలేశారు, భార్యని కొట్టట్లేదు. ఊరు ఎవరిని తాకననేదో వాళ్ళే ఊరికి దీపమయ్యారు.

ఇప్పుడు చూడండి. ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తాం, పెళ్ళి సంబంధం అనేసరికి పెద్దలు మెల్లగా "వాళ్ళేమిట్లు?" అంటారు. మాలలు మాదిగల్ని, రెడ్లు, కమ్మలు ఇద్దర్నీ. కొన్ని ఊళ్ళల్లో గుళ్ళే వేరు. "వెలుగులో ఉన్నానని చెప్పుకొనుచు, తన సహోదరుని ద్వేషించువాడు" 1 యోహాను 2:9 చదవండి, మిగతాది నేను రాయక్కర్లేదు.

సుదర్శన్_బీకామ్

ఈ విషయం తీస్తే సంఘాలు చీలిపోతాయి బ్రదర్. ప్రేమతో, ఐక్యతతో పోదాం.

డోర్నకల్_ప్యాసింజర్

సుదర్శన్ గారూ, చీలిక ఇప్పటికే ఉంది. కనపడకుండా ఉంచమంటున్నారు మీరు.

లూథరన్_మనవరాలు

డోర్నకల్ అన్న వైపే నేను. ఎఫెసీ 5లో వెలుగు పని ఏంటంటే ఉన్నదాన్ని బయటపెట్టడం కూడా. నొప్పిగానే ఉంటుంది.

పాస్కా_మంట

నేను ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్, ఇక్కడ తక్కువగా రాస్తా. ఎస్తేరు గారి మీటింగ్‌కి పనికొస్తుందేమో. ఈస్టర్ ముందు శనివారం రాత్రి మా గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. బయట కొత్తగా మంట రాజేసి, దానితో పెద్ద పాస్కా కొవ్వొత్తి వెలిగించి ఫాదర్ చీకట్లో లోపలికి తెస్తారు. దాన్నుంచి ఒకరు, వాళ్ళ నుంచి పక్కవాళ్ళు అంటించుకుంటూ గుడంతా నిండుతుంది. ఎవరికి వారు అగ్గిపుల్ల గీసుకోరు. బాప్తిస్మంలో కూడా పిల్లాడి తరఫున జ్ఞానతండ్రి ఆ పెద్ద వత్తి నుంచే వెలిగించుకుంటాడు. లూథరన్ చెల్లెమ్మ చెప్పింది చదివితే నాకదే గుర్తొచ్చింది.

మీ యూత్‌కి ఇంకోటి. మా దగ్గర డిసెంబరులో దుప్పట్లు పంచి ఫోటోలు దిగే అలవాటు బాగా పెరిగింది. దుప్పటి తీసుకునే ముసలమ్మ తల పైకెత్తి కెమెరా వైపు చూడాలి, లేకపోతే మళ్ళీ తియ్యమంటారు. ఆమె మొహంలో సిగ్గు చూసి నేను గ్రూపులోంచి బయటికొచ్చా.

ఆటో_దావీదు

మరి "మీ సత్‌క్రియలను చూచి" అన్నారు కదా, కనపడాలనే కదా అర్థం? అదే కొండమీది ప్రసంగంలో 6వ అధ్యాయానికొస్తే కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదంటాడు. నాకు ఎప్పుడూ అర్థం కాదు ఇది. ప్రయాణికులు మర్చిపోయిన బ్యాగు తిరిగిచ్చాక స్టేటస్ పెట్టాలా వద్దా?

లూథరన్_మనవరాలు

5:16 చివర చూడండి అన్నా, "పరలోకమందున్న మీ తండ్రిని మహిమపరచునట్లు". చూసినవాడు దావీదన్న గొప్పోడు అంటే స్టేటస్ వద్దు. దేవుడున్నాడు అనిపిస్తే పెట్టండి. ఎక్కువసార్లు పెట్టకపోతేనే రెండోది జరుగుతుంది :)

ఆటో_దావీదు

అర్థమైంది. బ్యాగు అతను పెట్టుకుంటే పెట్టుకుంటాడు, నేను పెట్టను.

యాకోబు_బావి

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. బీటెక్ అయిపోయి చాలా రోజులైంది. అమీర్‌పేటలో కోర్సు చేశా. ఫ్రెషర్‌కి ఎవరూ పిలవట్లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మూడేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ పెట్టి ఇస్తామంటున్నారు, లెటర్లు, పే స్లిప్పులు అన్నీ వాళ్ళే ఇస్తారట. నా రూమ్మేట్లందరూ అలాగే చేరారు. ఇద్దరు మా సంఘం వాళ్ళే, ఒకడు ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు. నాన్న నా చదువుకి పొలం మీద అప్పు తెచ్చాడు, వడ్డీ కడుతున్నాడు. నేను ప్రార్థన చేస్తున్నా అంటే అమ్మ, దేవుడు ఆ దారి చూపించాడేమో నాన్నా అంటోంది. కాటా దగ్గర తరుగు తీయకపోతే లాభం తగ్గుతుంది, నాకైతే అసలు ఉద్యోగమే లేదు. నన్నేం చెయ్యమంటారు?

సుదర్శన్_బీకామ్

తమ్ముడూ, మార్కెట్ అలా ఉంది. అందరూ చేస్తున్నారు. పని చేతనైతే చాలు, ముందు చేరు, ఇంటి అప్పు తీర్చు, తర్వాత దేవుడు క్షమిస్తాడు.

డోర్నకల్_ప్యాసింజర్

సుదర్శన్ గారూ, అలా చెప్పకండి. క్షమాపణని ముందే లెక్కలో వేసుకోమంటున్నారు.

తూకం_సమూయేలు

బాబూ, నీ పరిస్థితి నాన్నది కంటే కష్టమే, దాన్ని తేలిక చెయ్యను. ఒకటి మాత్రం చెప్తా. దొంగ కాటా పెట్టినవాడు రోజూ దాన్ని చూసుకుంటూ బతకాలి, ఎవడైనా రాయి తెచ్చి తూస్తాడేమోనని. నువ్వు కూడా ఆ మూడేళ్ళని ప్రతి ఇంటర్వ్యూలో మోసుకు తిరగాలి.

డల్లాస్_తెలుగు_అన్న

యాకోబూ, నేను టెక్సాస్‌లో ఒక కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాలకి తీసుకునే టీములో ఉన్నా. ఫేక్ ఎక్స్‌పీరియెన్స్‌తో వచ్చిన మన తెలుగు పిల్లలు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోవడం కళ్ళారా చూశా. కొందరు చేరిన కొన్ని నెలలకి దొరుకుతారు, అప్పటికి వీసా దాని మీద ఆధారపడి ఉంటుంది, పెళ్ళయి ఉంటుంది. ఇంకో సంగతి, వీళ్ళ వల్ల నిజమైన అనుభవం ఉన్న తెలుగు పిల్లవాడి రెజ్యూమేని కూడా అనుమానంగా చూస్తున్నారు.

కానీ నీకు భయం చెప్పి వదిలెయ్యను, అది వెలుగు కాదు. నీ నిజమైన రెజ్యూమే నాకు పంపు. కోర్సులో చేసిన ప్రాజెక్టులు, రాసిన కోడ్ ఉన్న లింకులు పెట్టు. హైదరాబాద్‌లో మా కంపెనీకి ఆఫీసుంది, ఫ్రెషర్లని టెస్టింగ్, సపోర్ట్ వైపు తీసుకుంటారు, జీతం తక్కువ. రిఫరల్ ఇవ్వగలను, ఉద్యోగం వస్తుందని మాటివ్వలేను. మా సంఘంలో ఇంకో ముగ్గురు నలుగురు వేరే కంపెనీల్లో ఉన్నారు, వాళ్ళనీ అడుగుతా.

పాస్టరమ్మ_కలం

డల్లాస్ తమ్ముడు చెప్పింది ప్రతి సంఘం వినాలి. అబద్ధమాడొద్దు అని పిల్లలకి చెప్పి ఇంటికి పంపేస్తే ఆ బరువు వాళ్ళొక్కరే మొయ్యాలి. "ఆశించినదానిని ఆకలిగొనినవానికిచ్చి" అని యెషయా 58:10, అప్పుడు చీకట్లో నీ వెలుగు ప్రకాశిస్తుందంటాడు. యాకోబూ, నాన్నగారి వడ్డీ సంగతి కూడా మీ సంఘ పెద్దలతో మాట్లాడు నాయనా. సిగ్గుపడకు. మీ అమ్మగారి నంబరు నాకు విడిగా పంపితే నేను మాట్లాడతా, ఆమె బాధ నాకు తెలుసు.

ప్రశ్నించే_తోమా

నేను మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడ కొంచెం దొరికింది. యాకోబు తమ్ముడూ, నాది హైదరాబాద్‌లోనే చిన్న ఆఫీసు, సాఫ్ట్‌వేర్ కాదు, లెక్కల పని. ఉద్యోగం దొరికేదాకా సాయంత్రాలు డేటా ఎంట్రీ ఉంటుంది, గది అద్దెకి సరిపోతుంది. కావాలంటే మెసేజ్ పెట్టు.

సుదర్శన్_బీకామ్

యాకోబూ, నేను చెప్పింది పక్కన పెట్టు. వీళ్ళు చెప్పినట్టు చెయ్యి.

పొదిలి_ఎస్తేరు

చందాల సంగతి కమిటీలో అడిగా. సిలువ కొంచెం చిన్నది చేసి, మిగిలినదాంతో మన సంఘం పిల్లల్లో పరీక్ష ఫీజు కట్టలేనివాళ్ళకి కట్టాలని మెదక్ అన్న చెప్పినట్టు సగం సగం ఒప్పుకున్నారు. ఒకరిద్దరు ఇంకా అలిగి ఉన్నారు. మీటింగ్‌లో ప్రసంగం తగ్గించి, తరుగు గురించి, మూడింటి బీపీ గురించి, గ్లాసు గురించి, పెళ్ళి మాటల గురించి చెప్పి, మీ ఇళ్ళల్లో ఇలాంటిది ఎక్కడుంది అని వాళ్ళనే అడుగుతా. కులం మాట కూడా తీస్తా, అయ్యగారితో ముందే మాట్లాడా, తియ్యమన్నారు. యాకోబూ, నీ పేరు, ఊరు లేకుండా నీ ప్రశ్న చెప్పుకోవచ్చా? మా దగ్గర ఫైనలియర్ వాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఇంకో ఏడాదిలో ఇదే వస్తుంది.

యాకోబు_బావి

చెప్పండి అక్కా. కన్సల్టెన్సీ వాళ్ళకి వద్దని నిన్న ఫోన్ చేశా. నేను కట్టిన అడ్వాన్సు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. నాన్నకి ఇంకా చెప్పలేదు.

డల్లాస్_తెలుగు_అన్న

నాన్నతో మాట్లాడేటప్పుడు నన్ను కూడా కాల్‌లో కలుపు, నాకు శనివారం పొద్దున, మీకు రాత్రి అవుతుంది. రెజ్యూమే పంపావా?

యాకోబు_బావి

పంపా అన్నా. ప్రాజెక్టు లింకుల్లో ఒకటి తెరుచుకోవట్లేదు, సరిచేసి రేపు మళ్ళీ పంపుతా.